మన ఊరికి విశ్వవిద్యాలయము చేరిన దారి

పదవ తరగతి పరీక్షలు ముగిసిన మరునాటినుండి తల్లిదండ్రులు ఉపాధ్యాయులను అడుగు ప్రశ్న యొక్కటే. "ఇంక మా బిడ్డను యాడ చదివించేది, సార్?" అడుగుట సులభము. ఉత్తరము మాత్రము తరతరమునకు మారుచు వచ్చినది. ఒక తరమువారికి ఆ ఉత్తరము మద్రాసు, తరువాతివారికి మైసూరు, ఆ పిమ్మట బెంగుళూరు, నేటివారికి కోలారు, కుప్పము. విశ్వవిద్యాలయము మన గనుల ఊరికి ఎంత దూరమున నుండెను, ఎట్లు చేరువయ్యెను, చేరువైన పిదప అందు మన భాషకు చోటెంత అను విషయములను మన బడి తల్లిదండ్రుల కొరకు ఇచట వ్రాయుచున్నాను.

విశ్వవిద్యాలయ మనగానే మన మనస్సునకు విశాలమైన తోట, ఎత్తైన స్తంభములు, గడియారపు గోపురము తోచును. మన దేశమున తొలి విశ్వవిద్యాలయములు అట్టివి కావు. 1857వ సంవత్సరమున కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో స్థాపింపబడిన మూడును లండను విశ్వవిద్యాలయమును ఒరవడిగా గైకొని ఏర్పడినవి. అవి ఆ కాలమున పరీక్షలు పెట్టెడివి, పట్టము లిచ్చెడివి. పాఠములు చెప్పుట కళాశాలల పని. కళాశాల ఎన్ని ఆమడల దూరమున నున్నను, వేరొక సంస్థానమున నున్నను, విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండిన చాలును. బెంగుళూరు సెంట్రల్ కాలేజి ఆ తీరుననే మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. మైసూరు మహారాజుగారి ప్రజ బెంగుళూరులో చదివి, మద్రాసువారి పరీక్ష వ్రాసి, మద్రాసువారి పట్టము పుచ్చుకొనెడివాడు.

ఈ ఏర్పాటు ఎట్లుండెనో తెలియుటకు మన జిల్లాబిడ్డ యొకని చదువే చాలును. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టినది చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళి. ఆ ప్రాంతము చిరకాలము కోలారు జిల్లాలోనిదే; 2007లో చిక్కబళ్ళాపురము వేరు జిల్లా యయ్యెను. ఆయన ఇంటిపేరు తెలుగునాటి మోక్షగుండము గ్రామమునుండి వచ్చినది. పూర్వులు అచటినుండి తరలివచ్చిన తెలుగువారు. బాల్యముననే తండ్రి గతించెను. బెంగుళూరులో తన చదువు సాగుటకు ఆయన ఇతరుల పిల్లలకు చదువు చెప్పెను. 1881లో సెంట్రల్ కాలేజినుండి బి.ఏ. పట్టము పొందెను, అది మద్రాసు విశ్వవిద్యాలయపు పట్టము. ఇంజనీరింగు చదువవలె నన్నచో సంస్థానమున చోటులేదు. మైసూరు ప్రభుత్వమిచ్చిన విద్యార్థివేతనముతో పూనాకు పోయి చదివి, 1883లో ఉత్తీర్ణుడయ్యెను. ఒక జిల్లా, రెండు విశ్వవిద్యాలయములు, ఆ రెండును పరాయి ప్రాంతములవి. అంతటి మేధావి గనుక దారి చేసికొనెను. ఆయనతోపాటు పుట్టి, దారి దొరకక పొలముననే నిలిచిపోయిన పిల్లలెందరో ఎవరును లెక్కింపలేదు.

అదే దశాబ్దములో మన గనులు లోతునకు దిగుచుండెను. జాన్ టెయిలర్ కంపెనీవారు 1880 ప్రాంతమున ఇచటికి వచ్చిరి. 1894లో బౌరింగుపేటనుండి రైలు మారికుప్పము చేరెను. 1902లో శివనసముద్రమునుండి దాదాపు 92 మైళ్ళు తీగలు లాగి గనులకు విద్యుచ్ఛక్తి తెచ్చిరి. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో గదా! చిత్తూరు, అనంతపురము, ఉత్తరార్కాడు, సేలము సీమలనుండి కూలివారు కుటుంబములతో వచ్చి చేరిరి. రైలు వచ్చెను, కరెంటు వచ్చెను, ఆసుపత్రి వచ్చెను. బంగారముపై రాజభాగము సంస్థానపు బొక్కసమునకు చేరెను. ఉన్నతవిద్య మాత్రము గనుల చెంతకు రాలేదు.

ఇది మన ఊరికి మాత్రమే పట్టిన గతి యని తలపరాదు. దక్షిణ అమెరికాలో నేటి బొలీవియా దేశమున పొటోసీ యను కొండపట్టణము కలదు. 1545లో అచట వెండి దొరకెను. స్పెయిన్ రాజుల ఖజానా ఆ వెండితో నిండినది. చుట్టుపట్ల గ్రామముల ఆదివాసులను వంతులవారీగా పట్టి తెచ్చి గనిలోనికి దింపిరి. విద్యాపీఠము మాత్రము 1624లో నూరు మైళ్ళలోపు దూరముననున్న చుకిసాకా నగరమున, అనగా నేటి సుక్రేలో, నెలకొనెను. న్యాయసభ అచట, అధికారులు అచట, గాలి, నీరు చల్లగా నుండి బ్రతుకునకు అనువైన చోటది. పొటోసీ గాలి పలుచన, చలి కఠినము. వెండి ఒకచోట, చదువు ఒకచోట. ఆ చుకిసాకా పట్టభద్రులే 1809లో స్పెయిన్ పాలనపై తిరుగుబాటునకు ముందు నిలిచిరనుట వేరే కథ. పొటోసీకి తన విశ్వవిద్యాలయము 1892లో గాని రాలేదు; అప్పటికి వెండి వైభవము చాలవరకు చరిత్రలో కలిసిపోయినది. గనుల ఊళ్ళలో సంపద ముందు వచ్చును, చదువు కడపట వచ్చును. మన ఊరి లెక్కయు దీనికి దూరము కాదని ముందు తెలియగలదు.

మన కథకు వత్తము. మద్రాసుపై ఆధారపడుట మైసూరు పెద్దలకు రుచింపలేదు. విశ్వేశ్వరయ్యగారు 1912లో దివాను పదవికి వచ్చిరి. సంస్థానమునకు తన విశ్వవిద్యాలయ ముండవలెనని నాలవ కృష్ణరాజ ఒడయరుగారు సంకల్పించిరి. దేశదేశముల విద్యాపద్ధతులను పరిశీలించుటకు ఇద్దరిని నియమించిరి. అందొకరు థామస్ డెన్‌హామ్. రెండవవారు మనకు పొరుగువారు, చిత్తూరు చెంతనున్న కట్టమంచివారు, రామలింగారెడ్డిగారు. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి మైసూరు మహారాజా కాలేజిలో ఆచార్యులుగా నుండిరి. సామాన్య ప్రజలకు చదువు అందించు చికాగో పద్ధతి, బుద్ధికిని చేతిపనికిని పొత్తు కుదుర్చు విస్కాన్సిన్ పద్ధతి, ఆక్స్‌ఫర్డు కేంబ్రిడ్జిల సంప్రదాయము, ఇవన్నియు వారి పరిశీలనకు వచ్చెను. 1916 జూలై 27న మైసూరు విశ్వవిద్యాలయము వెలసెను. దేశీయ సంస్థానములలో మొదటిది అదే. మహారాజుగారు ఛాన్సలరు; హెచ్. వి. నంజుండయ్యగారు తొలి వైస్ ఛాన్సలరు. మైసూరులోని మహారాజా కాలేజి, బెంగుళూరులోని సెంట్రల్ కాలేజి దాని మొదటి రెండు కన్నులు.

కన్నడదేశపు ఆ విద్యాపీఠమున తెలుగునకు చోటు లేకపోలేదు. అనంతపురము సీమకు చెందిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు రామలింగారెడ్డిగారి ప్రాపున 1912లో మహారాజా కాలేజికి తెలుగు పండితులుగా వచ్చిరి. 1949 వరకు, ముప్పదియేడేండ్లు, అచటనే తెలుగు చెప్పిరి. అనంతరము తిరుపతికి పోయి అన్నమాచార్యుల కీర్తనలను పరిష్కరించిరి. ఆయన మైసూరు ఆస్థాన సంగీతపు నీడలో సంగీతమును, తరగతిలో తెలుగును సమానముగా సాధించిరి. ఒక భాషవారి నడుమ మరియొక భాషాపండితుడు అంతకాలము గౌరవముతో నిలిచెననుట మనవంటి వారు మరువరాని విషయము.

ఇక సరిహద్దున కావలివైపు చూతము. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనాభాషగా నెలకొనెను. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుట సాధ్యమని ఋజువు చేసిన కీర్తి దానిది. శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకు అనువాదశాఖయే ఏర్పడెను. అయితే ఆ రాజ్యమున అధికసంఖ్యాకులు ఇంట మాటలాడు తెలుగునకు ఆ భాగ్యము దక్కలేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయపు కథ కొంత నిలిచి చెప్పదగినది. ఆనాటి మద్రాసు రాష్ట్ర విద్యామంత్రి ఏ. పి. పాత్రోగారు బిల్లు ప్రవేశపెట్టగా, 1926లో శాసనమై, బెజవాడ కేంద్రముగా విశ్వవిద్యాలయ మేర్పడెను. మైసూరులో అనుభవము గడించిన కట్టమంచివారే మొదటి వైస్ ఛాన్సలరు. కాని అది ఏ ఊర నుండవలెనను తగవు ఏండ్లతరబడి తెగలేదు. బెజవాడ యనిరి, రాజమహేంద్రవరమనిరి, అనంతపురమనిరి; తుదకు 1930లో వాల్తేరు స్థిరమయ్యెను. మనకు చేరువనున్న సీమలవారికి, అనగా చిత్తూరు, కడప, అనంతపురము, కర్నూలు, బళ్ళారివారికి, అది అందని పండు. మద్రాసు వారికి దగ్గర, వాల్తేరు దూరము. కావున ఈ జిల్లాల కళాశాలలు మరల మద్రాసు విశ్వవిద్యాలయము క్రిందికే పోయెను. భాష ఒక్కటైనను దూరము దూరమే. ఇది భాషాభిమానము లేకపోవుట యని కొందరు నిందించిరి. ఆ నింద న్యాయము కాదని నా అభిప్రాయము. బిడ్డను పంపవలసిన తండ్రికి రైలుఖర్చు కూడ కనిపించును గదా! 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగు గృహమున జరిగిన ఒడంబడికలో ఈ కష్టమునకు గుర్తింపు దొరకినది. అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము నెలకొల్పవలెనని అందొక షరతు. ఆ మాట వెంటనే నెరవేరలేదు. ఆంధ్రరాష్ట్ర మవతరించిన మరుసటి యేడు, 1954లో, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసెను. దేవస్థానమువారు భూమి నిచ్చిరి. అనంతపురమునకు శ్రీకృష్ణదేవరాయల పేర విశ్వవిద్యాలయము 1981లో వచ్చినది. ఒడంబడిక జరిగిన నలుబదినాలుగేండ్లకు!

రామలింగారెడ్డిగారిని గూర్చి ఇంకొక మాట. ప్రభుత్వపు నిర్బంధవిధానమునకు నిరసనగా ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయ పదవిని విడిచిరి. రాధాకృష్ణపండితుడు 1931 నుండి 1936 వరకు ఆ స్థానమున నుండెను. పిదప రెడ్డిగారు మరల వచ్చి 1949 వరకు నడిపిరి. చిత్తూరు మనిషి ఒక చేత మైసూరును, మరియొక చేత వాల్తేరును తీర్చెను. సరిహద్దు ఆయనకు అడ్డుగోడ కాలేదు.

మన జిల్లా కళాశాలలు మైసూరు ఛత్రము క్రింద నుండగా, 1964 జూలైలో బెంగుళూరు విశ్వవిద్యాలయ మేర్పడెను. సెంట్రల్ కాలేజియు, ఇంజనీరింగు కాలేజియు దానిలో చేరెను. మారికుప్పమునుండి తెల్లవారుజాము రైలెక్కి బెంగుళూరు పోయి రాత్రికి తిరిగివచ్చు అలవాటు మనవారిలో విద్యార్థులకును ఉద్యోగులకును క్రమముగా అలవడినది.

ఆ మరుసటి యేడే ఒక విచిత్రము జరిగెను. మన పిల్లలు విశ్వవిద్యాలయములను వెదకుకొని పోవుచుండగా, విశ్వవిద్యాలయములు మన గనిలోనికి దిగివచ్చెను. ఆకాశమునుండి ఎడతెగక కురియు సూక్ష్మకణములు భూమిపై అంతటను తగులుచుండును. ఎంత లోతునకు పోయిన అంత తగ్గును. చాంపియన్ రీఫు గని ప్రపంచమున మిక్కిలి లోతైన వానిలో ఒకటి గనుక, ఆ కణముల సందడి లేని చోటు అచట దొరకెను. మైసూరు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివిన బి. వి. శ్రీకంఠన్‌గారు బొంబాయి టాటా పరిశోధనసంస్థ పక్షమున 1951 ప్రాంతముననే పరికరములతో ఈ గనులలోనికి దిగిరి. అనంతరము టాటా సంస్థవారు, జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయమువారు, ఇంగ్లండులోని డర్హామ్ విశ్వవిద్యాలయమువారు కలిసి హీత్‌కోట్ షాఫ్టున సుమారు 2.3 కిలోమీటర్ల లోతున పరికరములు నిలిపిరి. మేనన్, మియాకే, వుల్ఫెన్‌డేల్ అనువారు ఆ బృందముల పెద్దలు. న్యూట్రినో యను కణము భూగోళమును సైతము తొలిచికొని పోవును. దానిని పట్టుట మహాకష్టము. పైనుండి వచ్చు కణమైనచో ఇతర కణమని శంకింపవచ్చును. ప్రక్కనుండి వచ్చినచో అంతటి రాతిని దాటి రాగలిగినది న్యూట్రినో ప్రభావమే. నెలలతరబడి కాచుకొని, 1965లో అట్టి గుర్తులను కనుగొనిరి. గాలిపొరలో పుట్టిన న్యూట్రినోలను మానవుడు గుర్తించుట అదే మొదలు. అదే యేడు దక్షిణాఫ్రికా బంగారు గనిలో మరియొక బృందమును ఇట్లే కనుగొనెను. డర్హాములో, ఒసాకాలో ఆచార్యులు మన ఊరి పేరు తరగతిలో చెప్పిరి. ఆ పరికరములు దించిన పంజరములోనే మన తాతలు ప్రతిదినము పనికి దిగెడివారు. ఈ సంగతి మన పిల్లలలో పలువురికి నేటికిని తెలియదు. తెలుపవలసిన బాధ్యత ఇంటిదియు, బడిదియు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడెను. ఆ తరువాత మన ఊరివారికి చదువే మిగిలిన గని. 2017లో బెంగుళూరు విశ్వవిద్యాలయమును విభజించి నడిపింప మొదలిడినప్పుడు, బెంగుళూరు ఉత్తర విశ్వవిద్యాలయమునకు కోలారు చెంతనున్న టమక కేంద్రమయ్యెను. బంగారము అయిపోయిన పదునారేండ్లకు విశ్వవిద్యాలయము జిల్లాకు వచ్చినది. పొటోసీని తలచుకొనుడు!

ఇంతవరకు దూరపు లెక్క. ఇక భాషను గూర్చి. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కర్ణాటక, తమిళనాడు, కేరళ ప్రభుత్వముల సహకారముతో కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయమును స్థాపించెను. మూడు రాష్ట్రములు కలియు చోట, నాలుగు భాషలవారు ఒకరి సాహిత్యము నొకరు చదువుకొనవలెనను ఉద్దేశముతో ఏర్పడినది. మహానగరమున గాక సరిహద్దున నిలిపిరి గదా, ఇది తెలివైన పని. ఇంట తెలుగు, వీధిలో తమిళము, కచేరిలో కన్నడము మాటలాడు మన పిల్లలకు ఇతర ప్రాంతములవారు పుస్తకములలో నేర్చునది పుట్టుకతోనే కొంత వచ్చియుండును. తులనాత్మక భాషాధ్యయనము పేరు విని భయపడ నక్కరలేదు. సంతబీదిలో మనవారు చేయుచున్నది అదే. కుప్పము మనకు కాకి యెగిరినంత దూరము; అయినను రైలులో పోవలెనన్న బంగారుపేటకు పోయి బండి మారవలసి వచ్చెడిది. మారికుప్పము కుప్పముల నడుమ సుమారు 24 కిలోమీటర్ల కొత్త రైలుమార్గము 2011–12లో మంజూరైనది ఇందులకే.

అయితే విశ్వవిద్యాలయము దగ్గరనున్నంత మాత్రమున భాష నిలువదు. మరల దక్షిణ అమెరికాకే పోదము. పెరూ దేశపు లిమా నగరమున 1551లో స్థాపింపబడిన సాన్ మార్కోస్ విశ్వవిద్యాలయమున, ఆ దేశపు ఆదివాసుల కెచువా భాషకు పదునారవ శతాబ్ది ముగియకముందే ఆచార్యపీఠము కలదు. ప్రజలతో మాటలాడుటకు మతగురువులకు ఆ భాష అవసరమయ్యెను. పదునెనిమిదవ శతాబ్ది చివర కెచువావారు తిరుగుబాటు చేయగా, పాలకులు ఆ పీఠమును ఎత్తివేసిరి. పీఠము పాలకుల అవసరముపై నిలిచినది గాని, ఆ భాషాకుటుంబముల చదువుపై నిలువలేదు. విశ్వవిద్యాలయమున భాషాశాఖ నిలుచుట క్రిందినుండి వచ్చు విద్యార్థులపై ఆధారపడును.

మన సంవిధానమున 30వ అధికరణము భాషా అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను నెలకొల్పుకొను హక్కు నిచ్చినది. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము మాతృభాషలో బోధనకు తగు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములను కోరుచున్నది. కాని ఆ మాట ప్రాథమిక దశకే పరిమితము. ఐదవ తరగతి దాటిన పిల్లకు ఆ రక్ష అంతగా లేదు. అచటినుండి తెలుగు నిలుచునా లేదా యన్నది తరగతిలో ఎందరు పిల్లలున్నారను లెక్కపై తేలును. ఎనిమిదవ తరగతిలో పదిమంది తల్లిదండ్రులు ఇతర భాష వ్రాయించినచో, పదవ తరగతిలో ఆ ఉపాధ్యాయుని కొలువే ప్రశ్నార్థకమగును, పి.యు.సి.లో అధ్యాపకుడు ఉండడు, డిగ్రీలో శాఖ ఉండదు, ఎం.ఏ.కు కుప్పము పోవు విద్యార్థి ఉండడు. గొలుసు పైనుండి గాక క్రిందినుండి తెగును.

తెలుగు ఉంచుకొనినచో కన్నడము పోవునని కొందరు భయపడుచున్నారు. ఈ రాష్ట్రమున బ్రదుకు బిడ్డకు కన్నడము తప్పక రావలెను. ఉద్యోగమునకును, ఇరుగుపొరుగు మర్యాదకును. పదవ తరగతి పరీక్షకు ప్రథమ భాషగా తెలుగును, ద్వితీయ భాషగా కన్నడమును వ్రాయు వీలు కర్ణాటకమున కలదు. పి.యు.సి.యందును తెలుగు ఒక భాషావిషయముగా కలదు. ఇంజనీరింగు, వైద్యము, వాణిజ్యము ఏది చదివినను ఆ ఒక్క పుస్తకము చేతినుండి జారనక్కరలేదు. ఆడపిల్లను దూరము పంపుటకు వెనుదీయువారికి తిరుపతిలో 1983లో నెలకొన్న శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయము కలదు. పనిచేయుచు చదువదలచినవారికి 1996లో ఏర్పడిన కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు.

కావున ప్రవేశపత్రము చేతికి వచ్చినప్పుడు భాషల గడిని ఇంట కూర్చుండి నింపుడు. గుమస్తాను నింపుమని చెప్పకుడు. పి.యు.సి.కి చేర్చుటకు ముందు ఆ కళాశాలలో తెలుగు చెప్పువారు ఉన్నారా యని అడుగుడు. లేరన్నచో, ఆ కళాశాలకు పోవుచున్న మన పిల్లలెందరో లెక్క తీసి, అందరి పేర్లతో ఒక్క అర్జీ వ్రాసి, జూన్ మాసమునకు ముందే ప్రిన్సిపాలుగారి చేతికి ఇయ్యుడు.